స్టీవియా తీపికి రెండు లెక్కలు: ఒంట్లో ఒకటి, అనంతపురం చేలో ఒకటి

బెల్లం పాకంలో వేరుశనగ పప్పు కలిపి చుట్టిన ఉండ తిన్నా, స్టీవియా మొక్క ఆకు ఒకటి నమిలినా నాలుకకు తెలిసేది తీపే. అయితే మొదటిదాని వెంట శరీరానికి శక్తి చేరుతుంది, రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. రెండోదాని వెంట ఆ రెండూ జరగవు. ఒకే రుచికి ఇంత భిన్నమైన ఫలితాలు ఎలా సాధ్యమన్నది శరీరశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో, దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వర్షం పడే జిల్లాగా పేరుపడిన అనంతపురంలో ఈ మొక్క రైతుకు అక్కరకు వస్తుందా అన్నది బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న. మధుమేహం ఉన్నవారికి మేలు, మెట్ట రైతుకు లాభం అనే రెండు మాటలు స్టీవియా గురించి జంటగా వినిపిస్తుంటాయి కానీ, వాటిని విడదీసి దేని కొలతతో దాన్ని కొలిస్తేనే అసలు సంగతి తేలుతుంది.

ఎక్కడి మొక్క

తెలుగునాట తీపి తులసి, మధుపత్రి అనే పేర్లతో నర్సరీల్లో అమ్ముతున్న స్టీవియాకు తులసితో చుట్టరికం ఏమీ లేదు. అది చేమంతి, పొద్దుతిరుగుడు మొక్కల కుటుంబానికి చెందినది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశపు అమంబాయ్ కొండ ప్రాంతం. అక్కడి గ్వారానీ ప్రజలు దాని ఆకును చేదు పానీయాలకు తీపి కలపడానికి తరతరాలుగా వాడుతూ వచ్చారు. స్విట్జర్లాండు నుంచి వచ్చి పరాగ్వేలో స్థిరపడిన వృక్షశాస్త్రజ్ఞుడు మోయిసెస్ బెర్తోని 1899లో ఈ మొక్కను శాస్త్రీయంగా వర్ణించగా, 1931లో ఫ్రాన్స్ రసాయన శాస్త్రజ్ఞులు బ్రిదెల్, లావియెల్ తీపికి కారణమైన పదార్థాన్ని ఆకు నుంచి వేరుచేశారు. 1970ల నుంచి జపాన్‌లో దీన్ని ఊరగాయల్లో, శీతల పానీయాల్లో విరివిగా వాడుతున్నారు. భారతదేశంలో శుద్ధిచేసిన స్టీవియా సారాన్ని నిర్దేశిత ఆహార పదార్థాల్లో కలపడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2015లో అనుమతి ఇచ్చింది.

నాలుక గుర్తుపట్టేది దేన్ని

ఆకులోని తీపి పదార్థాలను స్టీవియాల్ గ్లైకోసైడ్లు అంటారు. గ్లైకోసైడ్ అంటే చక్కెర జాతి కాని ఒక అణువుకు చక్కెర ముక్కలు అతుక్కుని ఏర్పడిన పదార్థం. ఇక్కడ మధ్యలో ఉండే అణువు స్టీవియాల్. దానికి మూడు గ్లూకోజు ముక్కలు అతుక్కుంటే స్టీవియోసైడ్, నాలుగు అతుక్కుంటే రెబాడియోసైడ్-ఎ, ఆరు అతుక్కుంటే రెబాడియోసైడ్-ఎం అవుతుంది. బరువుకు బరువు పోలిస్తే ఇవి చక్కెరకన్నా 200 నుంచి 300 రెట్లు తీపి.

నాలుక మీది రుచి మొగ్గల్లో తీపిని పట్టే గ్రాహకం ఒకటి ఉంటుందని, అది రెండు ప్రొటీన్ల జంట అని 2001లో తేలింది. ఈ గ్రాహకం పనితీరు రేషన్ దుకాణంలోని వేలిముద్ర యంత్రం పనితీరు లాంటిది. వేలి గీతలు సరిపోయాయా లేదా అన్నదే ఆ యంత్రానికి కావాలి గాని, వచ్చిన మనిషి తీసుకున్న బియ్యం వండుకుంటాడా అమ్ముకుంటాడా అన్నది దానికి పట్టదు. అలాగే తన మీద సరిగ్గా కూర్చునే ఆకృతి ఉన్న అణువు ఏది వచ్చినా గ్రాహకం మెదడుకు తీపి అని కబురు పంపుతుంది. ఆ అణువు తర్వాత శరీరంలో కాలి శక్తినిస్తుందా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. స్టీవియా అణువు చక్కెర అణువుకన్నా పెద్దది, గ్రాహకాన్ని మరింత గట్టిగా పట్టుకునేది కావడం వల్ల కొద్ది మిల్లీగ్రాములకే తీపి బలంగా తెలుస్తుంది, నోట్లో ఎక్కువసేపు నిలుస్తుంది.

స్టీవియా వాడినవారు చెప్పే వెనక చేదుకు కూడా కారణం నాలుకలోనే ఉంది. మనిషి నాలుక మీద చేదును పట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలుండగా, వాటిలో రెండింటిని స్టీవియాల్ గ్లైకోసైడ్లు తాకుతాయి. గ్లూకోజు ముక్కల సంఖ్య పెరిగేకొద్దీ ఈ చేదు తగ్గుతుంది కాబట్టే కంపెనీలు స్టీవియోసైడ్‌ను వదిలి రెబాడియోసైడ్-ఎ, రెబాడియోసైడ్-ఎం వైపు మళ్లాయి. చక్కెర లేకుండానే తీపి తెలిసే స్టీవియాకు తలకిందులైన ఉదాహరణ పొడపత్రి తీగ: దాని ఆకు నమిలి, వెంటనే చెంచాడు చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది. పొడపత్రిలోని ఆమ్లాలు తీపి గ్రాహకాన్ని కాసేపు పనిచేయనివ్వవు. తీపి అనేది పదార్థంలో కన్నా గ్రాహకంలో ఉందని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

ఒంట్లో సాగే దారి

చక్కెర చిన్నపేగులోకి చేరగానే ఎంజైములు దాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా తెంచుతాయి. అవి రక్తంలోకి పోతాయి. బియ్యం, రాగి సంగటిలోని పిండిపదార్థానిదీ చివరికి ఇదే గతి. స్టీవియాల్‌కు గ్లూకోజు అతుక్కున్న తీరు వేరు కాబట్టి, నోటిలో గాని, కడుపులో గాని, చిన్నపేగులో గాని ఉండే ఎంజైములు ఆ అతుకును తెంచలేవు. అణువు పెద్దది కావడంతో పేగు గోడ దాటి రక్తంలోకీ పోలేదు. అందువల్ల అది చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా వెళుతుంది.

అక్కడ ఉండే బ్యాక్టీరియా మాత్రం ఆ అతుకులను ఒక్కొక్కటిగా తెంచి, ఊడిన గ్లూకోజును తామే వాడుకుంటాయి. మిగిలిన స్టీవియాల్ రక్తంలో కలిసి కాలేయానికి చేరితే, కాలేయం దానికి నీటిలో కరిగే మరో అణువును తగిలిస్తుంది. ఆ జంట మూత్రంలో బయటికి పోతుంది. స్టీవియాల్ శరీరంలో పేరుకుపోదు, శక్తిగా కాలదు. రక్తంలో గ్లూకోజు పెరగకపోవడానికి, కేలరీలు దాదాపు సున్నా కావడానికి ఈ దారే కారణం. నోటిలోని బ్యాక్టీరియాకు కూడా ఇది ఆహారంగా పనికిరాదు కాబట్టి పళ్లు పుచ్చిపోయే భయం లేదు.

అనుమానాలు ఎలా వచ్చాయి, ఎలా తీరాయి

స్టీవియా భద్రత మీద శాస్త్రలోకం ఏకాభిప్రాయానికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. 1968లో వెలువడిన ఒక అధ్యయనం ఆకు కషాయం తాగించిన ఎలుకల్లో సంతానోత్పత్తి తగ్గిందని చెప్పింది; తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. 1985లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టీవియాల్‌ను కాలేయ ఎంజైములతో కలిపి ఒక జాతి బ్యాక్టీరియా మీద పరీక్షించినప్పుడు జన్యువుల్లో మార్పులు కనిపించాయి. జన్యువును మార్చే పదార్థం క్యాన్సర్‌కు దారితీయవచ్చు గనుక ఈ ఫలితాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. 1991లో అమెరికా స్టీవియా దిగుమతులను ఆపింది. అయితే పరీక్షనాళికలో కనిపించినది బతికున్న జంతువులో జరుగుతుందా అన్నది వేరుగా తేల్చాల్సిన విషయం. ఎలుకల మీద రెండేళ్లపాటు, అంటే దాదాపు వాటి జీవితకాలమంతా సాగిన పరీక్షల్లో క్యాన్సర్ పెరుగుదల గాని, జన్యుహాని గాని కనిపించలేదు.

ఈ ఆధారాలన్నీ పరిశీలించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 2008లో సురక్షిత దైనిక మోతాదును ఖరారు చేసింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా శుద్ధిచేసిన రెబాడియోసైడ్-ఎ వాడకానికి అభ్యంతరం లేదన్నది. 2011 చివర యూరోపియన్ యూనియన్ ఆమోదం తెలిపింది.

బాక్స్: 60 కిలోల మనిషికి ఎంత?

సురక్షిత దైనిక మోతాదు అంటే జీవితాంతం రోజూ తీసుకున్నా హాని ఉండదని నిపుణులు నిర్ణయించిన పరిమాణం. ఎలుకలకు హాని కనిపించని అత్యధిక మోతాదును 100తో భాగించి దీన్ని తేల్చారు. జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు పది రెట్లు, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరో పది రెట్లు జాగ్రత్త అన్నమాట. స్టీవియాల్ లెక్కన ఇది శరీర బరువులో ప్రతి కిలోకు 4 మిల్లీగ్రాములు. రెబాడియోసైడ్-ఎ రూపంలో చూస్తే కిలోకు సుమారు 12 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 720 మిల్లీగ్రాములు, అంటే 200 రెట్ల తీపి చొప్పున దాదాపు 140 గ్రాముల చక్కెరకు సాటి. అంత తీపి టీలోనో కాఫీలోనో రోజూ తాగేవారు అరుదు. 15 కిలోల పిల్లకు మాత్రం హద్దు 36 గ్రాముల చక్కెర తీపి దగ్గరే ఆగుతుంది. శీతల పానీయాలు, బిస్కెట్లు కలిపి చూస్తే పసిపిల్లల్లో ఈ హద్దు అంత దూరంలో ఉండదు.

మొక్క నుంచి వచ్చినంత మాత్రాన మంచిదా

పైన చెప్పిన ఆమోదాలన్నీ 95 శాతానికి తగ్గకుండా శుద్ధిచేసిన స్టీవియాల్ గ్లైకోసైడ్లకు వర్తిస్తాయి. కోసి ఎండబెట్టిన ఆకుకు, ఆకు పొడికి, ముడి కషాయానికి అమెరికాలో ఆ ఆమోదం లేదు. ఆకులో తీపి పదార్థాలు సాధారణంగా పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. మిగిలిన తొమ్మిది వంతుల్లోని పదార్థాలకు ఇంత నిశితమైన పరీక్షలు జరగలేదు. ఇక్కడ చాలామంది తర్కం తిరగబడుతుంది: ఆకు సహజం కాబట్టి మేలని, తెల్లటి పొడి ఫ్యాక్టరీది కాబట్టి అనుమానించాలని అనుకుంటారు. పరీక్షలు నెగ్గినది ఆ తెల్లటి పొడే.

సహజమన్న మాట భద్రతకు హామీ కాదని చెప్పడానికి అనంతపురం ముళ్లపొదల్లో అల్లుకునే గురివింద తీగ చాలు. దాని ఆకులోనూ కేలరీ లేని తీపి గ్లైకోసైడ్లున్నాయి. అబ్రుసోసైడ్లు అనే ఈ పదార్థాలు చక్కెరకన్నా 30 నుంచి 100 రెట్లు తీపి అని 1989లో చికాగోలోని అదే విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు వెల్లడించారు. అదే తీగకు కాసే ఎర్రని, నల్ల మచ్చ ఉన్న గింజలో అబ్రిన్ అనే ప్రొటీన్ ఉంది. కణాల్లో ప్రొటీన్ల తయారీని ఆపేసే ఈ విషం, గింజ నమిలితే ప్రాణం తీయగలదు. ఇంటింటా గొంతు నొప్పికి వాడే అతిమధురం వేరులో చక్కెరకు దాదాపు 50 రెట్ల తీపి ఉన్న గ్లైసిరైజిన్ ఉంటుంది. వారాల తరబడి ఎక్కువగా తీసుకుంటే అది శరీరంలో ఉప్పును నిలిపి, పొటాషియాన్ని పోగొట్టి రక్తపోటు పెంచుతుంది. మూడు మొక్కలూ తీపినిస్తాయి, మూడింటి మీదా తీర్పు వేరు. ఏ అణువు, ఎంత మోతాదు, ఒంట్లో దాని దారి ఏది అన్న మూడు ప్రశ్నలకు జవాబే ఆ తీర్పు.

వంటింట్లో కుదిరేది, కుదరనిది

స్టీవియా వేడికి, పులుపుకు తట్టుకుంటుంది కాబట్టి టీ, కాఫీ, నిమ్మరసం, పెరుగు పానీయాలు, పాయసాల్లో ఇబ్బంది లేకుండా కలుస్తుంది. రెండు చెంచాల చక్కెర, అంటే 10 గ్రాములు ఇచ్చే తీపికి 50 మిల్లీగ్రాములు చాలు. చిక్కంతా చక్కెర తీపితో పాటు చేసే మిగతా పనుల దగ్గర వస్తుంది.

వేరుశనగ ఉండల పాకమే చూస్తే, బెల్లం కరిగి మరిగేకొద్దీ నీరు ఇగిరి చిక్కబడుతుంది. ఒక చుక్క నీళ్ల గిన్నెలో వేస్తే కరగకుండా ఉండ కట్టి, గిన్నె అంచుకు కొడితే టంగుమనే దశలో పప్పు కలుపుతారు. ఆ గట్టితనం గ్రాముల కొద్దీ ఉన్న చక్కెర అణువులు దగ్గర దగ్గరగా చేరి బిగుసుకోవడం వల్ల వచ్చినది. మిల్లీగ్రాముల్లో ఉండే స్టీవియాకు పాకం రాదు, పప్పును పట్టి ఉంచడానికి ఏమీ మిగలదు. బ్రెడ్డు పిండిలో ఈస్టుకు అది ఆహారం కాదు. చక్కెరను కాల్చినప్పుడు వచ్చే ఎరుపు రంగు, కమ్మని వాసన దానికి రావు. జాములో నీటిని పట్టేసి బూజు పట్టకుండా చూసేది కూడా చక్కెరే. అందుకే దుకాణాల్లో దొరికే స్టీవియా పొడిలో చాలా భాగం పరిమాణం కోసం కలిపిన వేరే పదార్థం ఉంటుంది.

బాక్స్: ప్యాకెట్ మీద చదవాల్సినవి

పదార్థాల పట్టికలో స్టీవియాల్ గ్లైకోసైడ్ అనో, 960 అనే సంఖ్యో కనిపిస్తే అది శుద్ధిచేసిన సారం. దానితో పాటు డెక్స్‌ట్రోజు, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అవి గ్లూకోజు ఇచ్చేవే. చిన్న పొట్లంలో కొద్దిగానే ఉన్నా, చెంచాల కొద్దీ వాడితే లెక్కలోకి వస్తాయి. ఎరిథ్రిటాల్ ఉంటే అది మరో తీపి పదార్థం. రక్తంలో దాని స్థాయి ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో ఒక అధ్యయనం చెప్పింది. శరీరం కూడా ఎరిథ్రిటాల్‌ను స్వయంగా తయారుచేసుకుంటుంది కాబట్టి ఈ సంబంధాన్ని కారణంగా తీసుకోలేం గాని, స్టీవియా పేరుతో కొన్న పొట్లంలో ఉన్నది ఏమిటో తెలుసుకోవడం అవసరం.

మధుమేహానికి, బరువుకు ఎంత మేలు

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. చక్కెర స్థానంలో స్టీవియా వాడితే వారి రక్తంలో గ్లూకోజు ఆ మేరకు పెరగకుండా ఉంటుంది. మంచిదన్న నమ్మకంతో బెల్లానికి మారితే ఆ లాభం కూడా ఉండదు, ఎందుకంటే బెల్లంలో అధిక భాగం చక్కెరే. అయినా లెక్క చూసుకోవాలి: రోజుకు రెండు కప్పుల టీలో రెండేసి చెంచాల చక్కెర మానితే తగ్గేవి 80 కేలరీలు, పూటకు 150 గ్రాముల బియ్యం వండుకుంటే వచ్చేవి 500 పైచిలుకు. కంచంలో అన్నం తగ్గకుండా కప్పులో చక్కెర ఒక్కటే మారితే పెద్ద మార్పు రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో, బరువు తగ్గడానికి చక్కెరేతర తీపి పదార్థాలను సాధనంగా వాడవద్దని సూచించింది. స్టీవియా కూడా ఆ జాబితాలో ఉంది. ఇది విషమని చెప్పిన మాట కాదు. దీర్ఘకాలంలో బరువు తగ్గుతున్న దాఖలా కనిపించలేదన్నది, తీపి మీద మక్కువ అలాగే ఉండిపోతుందన్నది ఆ సూచన సారం. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని కూడా సంస్థ స్పష్టం చేసింది. పేగు బ్యాక్టీరియా సంగతికి వస్తే, ఇజ్రాయెల్ పరిశోధకులు 120 మంది మీద జరిపి 2022లో వెలువరించిన ప్రయోగంలో శాకరిన్, సుక్రలోజ్ రక్తంలో గ్లూకోజు తీరును మార్చగా, స్టీవియా బ్యాక్టీరియాలో కొంత మార్పు తెచ్చినా గ్లూకోజు తీరును చెప్పుకోదగ్గంతగా మార్చలేదు.

అనంతపురం చేలో

ఇప్పుడు రెండో లెక్క. స్టీవియా తక్కువ నీటి పంట అనే మాట చెరకుతో పోల్చితే నిజం. టన్ను ఎండు ఆకులో పదో వంతు తీపి పదార్థాలున్నాయనుకుంటే 100 కిలోలు. అది 20 టన్నుల చక్కెర తీపికి సమానం. అంత చక్కెర కోసం పెంచాల్సిన చెరకుకు పట్టే నీరు ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ అనంతపురంలో రైతు పోల్చి చూడాల్సింది చెరకుతో కాదు, వేరుశనగతో.

నైరుతి రుతుపవనాల తేమను పడమటి కనుమలు ముందే పిండుకోవడం వల్ల, ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడడం వల్ల ఈ పీఠభూమికి రెండు వైపుల నుంచీ వాన కొరతే. ఏడాది మొత్తంలో ఎకరం మీద పడేది సుమారు 22 లక్షల లీటర్లు. ఎండ, గాలి ఆవిరి చేయగలిగేది దానికి దాదాపు మూడింతలు. పడే వాన కూడా నాలుగైదు నెలల్లో, మధ్య మధ్య వారాల తరబడి బెట్టతో పడుతుంది. వేరుశనగ ఇక్కడ ఇన్నేళ్లు నిలిచింది బెట్టలో ఎదుగుదల తగ్గించుకుని, పదును దొరకగానే మళ్లీ పూతకు, ఊడలకు వచ్చే గుణం వల్లే. స్టీవియా అలా కాదు. తేమ ఉండే ఇసుక నేలల్లో పుట్టిన ఆ మొక్కకు వేళ్లు పైపైనే ఉంటాయి. నేల ఆరితే వాడిపోతుంది, నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. ఎర్ర గరప నేలల్లో నీరు నిలవకపోవడం దానికి నచ్చేదే అయినా, కొన్నేళ్లపాటు చేలో ఉండే పంట కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో కూడా డ్రిప్పుతో తరచూ తడి ఇవ్వాలి. రాతి పగుళ్లలో మాత్రమే నీరుండే ఈ నేలలో బోర్లు ఎండేది సరిగ్గా ఆ నెలల్లోనే.

పగటి పొడవు మరో చిక్కు. పగలు సుమారు 13 గంటలకు తగ్గితే స్టీవియా పూతకు వస్తుంది. పూత వచ్చాక ఆకులో తీపి పదార్థాలు తగ్గుతాయి. 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కొద్ది దూరంలోనే ఉన్న అనంతపురంలో జూన్ నెలలోని అతి పొడవైన పగలే 13 గంటలు. అంటే మొక్క ఏడాదిలో దాదాపు ఎప్పుడైనా పూతకు సిద్ధమే. మొగ్గలు తుంచుతూ, సరైన సమయానికి కోతలు కోస్తూ ఉండాలి. విత్తనం మొలక శాతం తక్కువ, మొలిచిన మొక్కల్లో తీపి ఒకేలా ఉండదు కాబట్టి కొమ్మ కత్తిరింపులతో గాని, కణజాల వర్ధనంతో గాని పెంచిన నారునే ఎకరానికి వేల సంఖ్యలో కొనాలి. నారు అమ్మినవారి లాభం ఆ రోజే చేతికందుతుంది. రైతు లాభం మాత్రం కొన్నేళ్లపాటు ఆకు కొనే నాథుడు ఉంటేనే.

ఆకు నుంచి సారం తీయాలంటే వేడి నీటిలో నానబెట్టి, మలినాలను పేరబెట్టి వడకట్టి, రెజిన్ గొట్టాల గుండా పంపి, ఆల్కహాల్‌తో కడిగి స్ఫటికాలుగా మార్చాలి. అది ఊళ్లో చేసుకునే పని కాదు. ప్రపంచ మార్కెట్లో సింహభాగం చైనాది. పైగా అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో 2019 నుంచి జన్యుమార్పిడి చేసిన ఈస్టుకు చక్కెర మేపి, ఆకుతో పనిలేకుండానే రెబాడియోసైడ్-ఎం తయారుచేస్తున్నారు. ఆకులో అతి కొద్దిగా ఉండే ఆ అణువు ట్యాంకుల్లో చవకగా తయారైతే ముందు దెబ్బ తినేది ఆకు ధరే.

రెండు లెక్కలూ కలిపి చూస్తే

తినేవారికి సంబంధించినంత వరకు శుద్ధిచేసిన స్టీవియా, హద్దులో వాడితే, ఇప్పటిదాకా నిశితంగా పరీక్షించిన తీపి పదార్థాల్లో ఒకటి. మధుమేహం ఉన్న ఇంట్లో టీ కప్పుకు అది పనికొస్తుంది, పాకానికి, బరువు తగ్గడానికి పనికిరాదు. పండించేవారికి మాత్రం ఆ భద్రతా పత్రాలు ఏ భరోసా ఇవ్వవు. ఏడాది పొడవునా నమ్మదగిన నీరు, చేతిలో రాతపూర్వకమైన కొనుగోలు ఒప్పందం ఉన్నచోట, పెరటి మేరకో అర ఎకరంలోనో వేసి చూడవచ్చు. వాన మీదే ఆధారపడిన చేలో దాన్ని కరువు పంటగా వేయడం, ఉన్న నీటిని వేరుశనగకు, కందికి, కొర్రకు, చీనీ తోటకు దక్కకుండా చేయడమే అవుతుంది. ఒంటికి మేలు చేసే పంట నేలకూ మేలు చేస్తుందన్న నియమం లేదు. మొదటి ప్రశ్నకు జవాబు మిల్లీగ్రాముల్లో దొరికితే, రెండో ప్రశ్నకు జవాబు మే నెలలో బోరు పోసే నీటిలో దొరుకుతుంది.